వాకిట్లో ట్రాక్టర్

ఆ వేసవిలో మా వాకిట్లో ట్రాక్టర్ ఉంది గానీ, దున్నడానికి చేను లేదు.

అది తొంభై ఎనిమిది. మాదాపూర్‌లో మా నాలుగెకరాలూ కొత్త కట్టడాలకు పోయి ఏడాది దాటింది. మేము జొన్న వేసిన చోట అద్దాల భవనం ఒకటి లేచింది. మా నాయిన కొమురయ్యకు ఆ భవనం గేటు దగ్గరే వాచ్‌మన్ పని దొరికింది. రోజూ పొద్దున ఏడింటికల్లా నీలం చొక్కా తొడుక్కుని, టోపీ చంకలో పెట్టుకుని నడుచుకుంటూ వెళ్లేవాడు. ఇంట్లో గానీ, దారిలో గానీ ఆ టోపీని ఆయన నెత్తిన పెట్టుకోగా నేను చూడలేదు.

మనిషి మాటలు తగ్గించేశాడు. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలు తిని లేచేవాడు. కూర బాగుందా అంటే తలాడించేవాడు, ఉప్పెక్కువైందా అన్నా తలాడించేవాడు. మూడేళ్ల కిందట ఎంతో ముచ్చటపడి కొన్న ఎర్ర ట్రాక్టర్‌ని కన్నెత్తి చూసేవాడు కాదు. చేను ఉన్నప్పుడు దానికి రోజూ నీళ్లు పోసి కడిగినవాడు, ఇప్పుడు వాకిట్లో దాన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాడు.

ఉగాది మరునాడు జీడిమెట్ల నుంచి మా మేనమామ మల్లేశం వచ్చాడు. ఆయన అక్కడ మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు.

"బావా, గీడ ఏమున్నదని పట్టుకొని ఉంటున్నరు? ఇల్లు కిరాయికిచ్చి మా తానకు రాండ్రి. నీకు ఫ్యాక్టరీల పని సూస్త. నాగమణికి గూడ ప్యాకింగ్ల దొరుకుతది" అన్నాడు.

నాగమణి అంటే నేను. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. డిగ్రీలో చేరాలని నా ఆశ. నాయిన నావైపు చూశాడు, అమ్మవైపు చూశాడు.

"వానలు పడినంక పోదాం. అంతల ట్రాక్టర్ అమ్మేస్త" అన్నాడు.

ఆ నెలలో ఆయన మాట్లాడిన పొడుగాటి మాట అదే.

మామ వెళ్లిపోయాక మా అమ్మ పార్వతమ్మ చీపురు పట్టుకుని వాకిలంతా ఊడ్చింది. ట్రాక్టర్ చుట్టూ ఊడ్చి, దాని ముందు నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"సగం వాకిలి నీకే ఇస్తిమి గద. పోయే ముందన్న ఇంట్ల ఇంత పని జెయ్యి" అని దాన్నే కోప్పడింది.

ఆ మాట ఆమె ఉత్తినే అనలేదని రెండు రోజుల్లో తెలిసింది.

మా మేడ మీద రెండు గదుల్లో భీమేశ్వరరావుగారు, ఆయన భార్య కనకలక్ష్మిగారు కిరాయికి ఉండేవారు. కాకినాడ వైపు వాళ్లు. ఆయన అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. కనకలక్ష్మిగారు మినప వడియాలు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటుంటే అమ్మ ట్రాక్టర్ బానెట్ చూపించింది.

"ఇనుప రేకు చెల్లె, పెనం లెక్క కాలుతది. పొద్దుగాల పెడితె మాపటికల్ల ఎండుతయి. మేకలకు గూడ అందయి."

"ఇంజను మీద వడియాలేమిటండీ పార్వతమ్మగారూ!" అని ఆవిడ నవ్వింది గానీ, తడిగుడ్డ పరిచి పెట్టింది. సాయంత్రానికి గుడ్డ దులిపితే వడియాలు గలగలమని రాలాయి. మరునాటి నుంచి రెండు మడ్‌గార్డుల మీద మా మిరపకాయలు ఎండాయి. ట్రాలీలో చింతపండు ఎండింది. పొగగొట్టానికీ స్టీరింగ్‌కీ మధ్య తాడు కట్టి అమ్మ బట్టలు ఆరేసింది. సీటు కింద పనిముట్ల డబ్బాలో మా నల్లకోడి గుడ్లు పెట్టి, పొదగడానికి కూర్చుంది. దాన్ని లేపబోతే నా వేలు పొడిచింది.

నాయిన సాయంత్రం వచ్చి ఇదంతా చూసేవాడు. చొక్కా విప్పి వంకీకి తగిలించి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఏప్రిల్‌లో కరెంటు కోతలు పెరిగాయి. శుక్రవారం సాయంత్రం టీవీలో పాటలు వచ్చే వేళకే కరెంటు పోయేది. మాది చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. దాన్ని బ్యాటరీతో కూడా నడిపించవచ్చని భీమేశ్వరరావుగారు చెప్పారు. అమ్మ వెంటనే ట్రాక్టర్‌వైపు చూసింది. ఆయన రెండు వైర్లు, రెండు క్లిప్పులు తెచ్చి బ్యాటరీకి తగిలించారు. టీవీని ట్రాక్టర్ సీటు మీద పెట్టాం. ఆ శుక్రవారం వీధి వీధంతా మా వాకిట్లో చాపలేసుకుని కూర్చుంది. యాంటెన్నా తిప్పినట్టు స్టీరింగ్ పట్టుకుని అటూ ఇటూ తిప్పింది ఎవరో ముసలమ్మ, దాంతోనే బొమ్మ కుదురుతుందనుకుని.

పాటల మధ్యలో నాయిన వచ్చాడు. గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. అమ్మ బెదిరిపోయి లేచింది. ఆయన బ్యాటరీవైపు చూసి, "గిట్ల వాడితె బ్యాటరీ దిగిపోతది. నడుమ నడుమ ఇంజన్ నడపాలె" అని లోపలికి వెళ్లిపోయాడు.

మరునాడు నాయిన పనికి వెళ్లగానే అమ్మ నన్ను పిలిచింది.

"ఇన్నవ్ గద? ఇంజన్ నడపాల్నట."

"ఎవరు నడపాలె?"

"ఆయన చెయ్యి పెట్టడు. ఇగ మిగిలింది మనమే. ఇన్నేండ్లు మడ్‌గార్డు మీద కూసొని సూడలేదా నేను? కాళ్లతోటి ఏం జేస్తడో, చేతులతోటి ఏం జేస్తడో అంత ఎరికే."

చీర కొంగు నడుముకి బిగించి, కోడిని బతిమాలి దింపి, సీటెక్కింది. తాళం తిప్పింది. ఇంజన్ దగ్గి, నల్లటి పొగ వదిలి, డుగుడుగుమంది. ఆరేసిన బట్టల మీద మసి పడింది. అమ్మ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, కదలని బండి మీద పావుగంట అలాగే కూర్చుంది. దిగాక ఆమె ముఖం వెలిగిపోతోంది.

కదిలే బండి మీద మొదటిసారి కూర్చున్నది బీరువా రోజున.

కనకలక్ష్మిగారి పుట్టింటి వాళ్లు ఆవిడకు ఇనుప బీరువా పంపారు. మా మెట్లు ఇరుకు. నలుగురు కూలీలు ఎత్తి, మొదటి మలుపు దగ్గరే ఆగిపోయి, దింపేసి వెళ్లిపోయారు. బీరువా రెండు రోజులు వాకిట్లో ట్రాక్టర్ పక్కన నిలబడింది. మూడో రోజు అమ్మ బావి దగ్గరి గిలక ఊడదీయించి, మేడ మీద పిట్టగోడకు పైన ఉన్న ఇనుప దూలానికి కట్టించింది. బీరువాకు మోకు చుట్టి, గిలక మీదుగా తెచ్చి, ట్రాలీ విప్పించి, ట్రాక్టర్ వెనక కొక్కేనికి ముడేసింది.

"బండి ముందుకు పోతె బీరువా మీదికి పోతది. గంతే" అంది.

"లోపల చీరలున్నాయండీ" అంది కనకలక్ష్మిగారు.

"తాళమేసినవా?"

"వేశానండి."

"ఇంకేంది మరి!"

మొదటి గేర్‌లో ట్రాక్టర్ నత్తలా కదిలింది. బీరువా నేల విడిచింది. నేను గేటు దగ్గర నిలబడి చేతులు ఊపుతున్నాను. మేడ మీద భీమేశ్వరరావుగారు లుంగీ ఎగ్గట్టి రెండు చేతులూ చాచి నిలబడ్డారు. బీరువా మేడ ఎత్తుకి వచ్చింది, ఆయన పట్టుకోబోయారు, అమ్మ ఇంకా ముందుకు పోతూనే ఉంది.

"ఆపండి! ఆపండి పార్వతమ్మగారూ! గిలకలోకి వెళ్లిపోతుంది!" అని కనకలక్ష్మిగారు అరిచింది.

అమ్మ బ్రేకు తొక్కింది. బీరువా ఒక్క ఊపు ఊగింది. తాళం వేసిన తలుపు ఎలా తెరుచుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పట్టుచీరలు ఒక్కొక్కటే గాలిలో విచ్చుకుంటూ వచ్చి వాకిట్లో పడ్డాయి. ఒకటి నల్లకోడి మీద పడింది. అది చీరతో సహా వీధిలోకి పరిగెత్తింది. నేను దాని వెనక పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి బీరువా మేడ మీద ఉంది. కనకలక్ష్మిగారు మెట్ల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. అమ్మ ఇంకా స్టీరింగ్ వదల్లేదు.

"వెనుకకు ఎట్ల పోవాలెనో నేను సూడలేదే నాగమణీ" అంది.

వెనక్కి తీసుకురావడానికి ఇంకో గంట పట్టింది. చక్రాలు ఎక్కడ ఆగి ఉండేవో గుర్తుకు ఇటుక పెట్టాం. మసి తుడిచాం. కోడిని సీటు కింద కూర్చోబెట్టాం. సాయంత్రం నాయిన వచ్చి, వాకిలి దాటి లోపలికి పోయాడు. మేమిద్దరం గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాం.

ఆ తర్వాత మాకు ధైర్యం వచ్చింది. బస్తాలో కుంకుడుకాయలు పోసి మూతి కట్టి, పెద్ద చక్రం కింద వేసి తొక్కిస్తే రోట్లో గంటసేపు దంచే పని రెండు నిమిషాల్లో అయిపోయింది. వీధిలోని ఆడవాళ్లంతా కుంకుడుకాయల సంచులు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఊరగాయల రోజుల్లో ఆవాల బస్తా కూడా వేయమన్నారు గానీ అమ్మ ఒప్పుకోలేదు. తినేవాటిని చక్రం కింద వెయ్యనంది. ఎండలకు తాళలేక ట్రాలీలో టార్పాలిన్ పరిచి నీళ్లు నింపితే మధ్యాహ్నం వీధి పిల్లలంతా అందులోనే ఉండేవారు.

మే నెలలో నీళ్ల కరువు వచ్చింది. మా వీధి చివర కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులో బోరు ఎండిపోయింది. మా బావిలో మాత్రం నీళ్లున్నాయి. కరెంటు ఉన్నప్పుడు మోటారు వేసి, ట్రాలీలో ఒక పెద్ద నల్ల ట్యాంకూ నాలుగు పీపాలూ నింపి, అమ్మ రోజూ ఆ అపార్ట్‌మెంటుకు నీళ్లు తోలడం మొదలుపెట్టింది. నేను మడ్‌గార్డు మీద కూర్చుని దారి చెప్పేదాన్ని. వాళ్లు ఇచ్చిన దాంతో డీజిల్ ఖర్చు పోను ఇంట్లోకి కూరగాయలు వచ్చేవి. నాయినకు తెలియకూడదని ఆయన వచ్చేలోపు బండిని ఇటుకల మధ్యకు చేర్చేవాళ్లం. రేడియేటర్‌లో నీళ్లు, ఇంజన్‌లో ఆయిలు ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేవి. అమ్మ పోస్తోందని నేను అనుకునేదాన్ని.

జూన్ మొదటి వారంలో ఒకరోజు మలుపు దగ్గర ట్రాలీ మా గేటు స్తంభానికి తగిలింది. స్తంభం పక్కకి ఒరిగిపోయింది. అమ్మకేమీ కాలేదు గానీ, సీటు మీది నుంచి దిగి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది.

సాయంత్రం నాయిన స్తంభం దగ్గర ఆగాడు.

"ఏమైంది?"

"ఇటుకల లారీ తాకింది" అంది అమ్మ.

ఆయన స్తంభాన్ని చూశాడు, ట్రాలీ మూలన అంటిన సున్నాన్ని చూశాడు. "ఎవలకేం తాకలే గద?" అన్నాడు.

"లే."

ఆయన లోపలికి పోయాడు. నాలుగో రోజున శంకర్‌పల్లి నుంచి ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు, ట్రాక్టర్ కొనేందుకు. ఆయన బానెట్ మీద వడియాలు జరిపి ఇంజన్ చూశాడు. సీటు ఎత్తి చూడబోతే కోడి లేచి ఆయన ముఖానికి కొట్టుకుంది.

"ఇది ట్రాక్టరా, కోళ్ల ఫారమా అన్నా?" అన్నాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. అయినా బండి ఆయనకు నచ్చింది. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు.

ఆయన వెళ్లాక అమ్మ జరిపిన వడియాలను మళ్లీ సర్దింది. తర్వాత, "ఆదివారమేనా?" అని అడిగింది.

"ఆదివారమే" అన్నాడు నాయిన. "దానితోటి ఎవలకన్న ఏమన్న అయితె? సాలు ఇగ."

జీడిమెట్లకు తీసుకుపోవాల్సిన గిన్నెలు అమ్మ వేరే పెట్టడం మొదలుపెట్టింది. నేను డిగ్రీ దరఖాస్తు ఫారం తెచ్చి పెట్టుకున్నాను. దాన్ని పుస్తకాల అడుగున దాచాను.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మా గేటు ముందు స్కూటర్ ఆగింది. తెల్లచొక్కా మనిషి ఒకాయన దిగి, ఒరిగిన స్తంభాన్ని చూసి, లోపలికి తొంగిచూశాడు.

"ఇక్కడ ఎవరో ఆవిడ ట్రాక్టర్ మీద నీళ్లు తోలుతున్నారటండి. ఇల్లు ఇదేనా?"

"నేనే. ఏంది సార్?" అంది అమ్మ.

"నా పేరు సుబ్రహ్మణ్యమండి. అక్కడ అద్దాల బిల్డింగు ఉంది చూశారా, దానికి సూపర్‌వైజర్ని. కొత్తగా పచ్చిక వేయించాం. మాకు నీళ్లు పోసే ట్యాంకరు మూడు రోజుల నుంచి రావట్లేదు. గడ్డి మొత్తం ఎర్రబడిపోతోంది. సోమవారం పెద్దవాళ్లు వస్తున్నారు. రెండు ట్రిప్పులు పోసి పుణ్యం కట్టుకోండి."

అమ్మ నావైపు చూసింది. ఆ గేటు దగ్గర ఎవరుంటారో ఆయనకు తెలుసు గానీ, ఈ ఇల్లు ఎవరిదో తెలియదు. ఇన్నాళ్లూ దాచిన పని ఆ గేటు దాకా వెళితే దాగదు. రేపైతే ఎలాగూ బండి ఉండదు.

"మీరు నడువుండ్రి. ట్యాంకు నింపుకొని వస్తం" అంది అమ్మ.

అమ్మ బండిని ఆ భవనంవైపు తిప్పింది. ఒకప్పుడు మా చేనికి పోయే దారే అది. ఇప్పుడు నల్లటి తారు రోడ్డు. రెండు పక్కలా బండరాళ్లు పగలగొట్టిన గుట్టలు. గేటు దగ్గరికి రాగానే నాయిన విజిల్ ఊది చెయ్యి అడ్డం పెట్టాడు. ట్రాక్టర్ దుమ్ములో ఉంది, ఎండ ఆయన కళ్లలో పడుతోంది. అమ్మ ఆపింది. చెయ్యి దింపాక ఆయనకు కనబడ్డాం.

మొదటిసారి ఆ రోజే నాయిన నెత్తిన టోపీ చూశాను. ఆయన దాన్ని తీయబోయి, మళ్లీ వదిలేశాడు. పక్కనే సుబ్రహ్మణ్యంగారు నిలబడి ఉన్నారు. నాయిన గేటు గదిలోకి పోయి రిజిస్టరు, పెన్ను తెచ్చుకున్నాడు.

"బండి నంబర్?" తల ఎత్తకుండా అడిగాడు.

"నీకెరికలేదా?" అంది అమ్మ.

"అడిగి రాయాలె. రూల్."

నంబరు నేను చెప్పాను. రాసుకున్నాడు.

"డ్రైవర్ పేరు?"

అమ్మకూ నాయినకూ పెళ్లయి ఇరవై ఏళ్లు. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోగా నేను ఎన్నడూ వినలేదు.

"ఇంట్ల ఏమని పిలుస్తవో గదే రాయి" అంది అమ్మ.

"ఇంట్ల ‘ఇగో’ అంట. డ్రైవర్ పేరు ‘ఇగో’ అని రాయాల్నా?"

సుబ్రహ్మణ్యంగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఏంటి కొమురయ్యా, తెలిసినవాళ్లా?"

"మా ఇంటామె సార్" అన్నాడు నాయిన.

రిజిస్టరు మోకాలి మీద ఆనించుకుని రాశాడు. ఆయన చదివింది ఐదో తరగతి. ఒక్కో అక్షరమూ దిద్దినట్టు రాస్తాడు. నేను మడ్‌గార్డు మీది నుంచి వంగి చూశాను. పార్వతమ్మ. రాసిన తర్వాత కూడా ఆయన కాసేపు ఆ పేరు వైపే చూస్తూ ఉన్నాడు.

"మరి లైసెన్సు ఉందామ్మా మీకు?" అని సుబ్రహ్మణ్యంగారు అడిగారు.

అమ్మ స్టీరింగ్ మీది మట్టిని వేలితో గీకింది.

నాయిన చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. "నాదున్నది సార్. నేను పక్కన కూసుంట. ఆమె నడుపుతది."

"గేటు ఎవరు చూస్తారు?"

నాయిన నన్ను దిగమని చెయ్యి ఊపి, పెన్ను నా చేతికిచ్చాడు. "బిడ్డా, గేటు సూడు. ఎవలొచ్చినా రాయి."

సుబ్రహ్మణ్యంగారు లోపల ఎర్రబడుతున్న గడ్డివైపు చూసి, నుదురు తుడుచుకున్నారు. "ఇవాళ్టికి కానివ్వండి. మళ్లీ రావాలంటే మాత్రం లైసెన్సు కావాలండోయ్."

నాయిన మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చున్నాడు. ఏడాది తర్వాత ఆ బండి మీద ఆయన చెయ్యి వేయడం అదే మొదటిసారి అనుకున్నాను. ఆ అనుకోవడం నిమిషం కూడా నిలవలేదు.

"క్లచ్ మెల్లగ ఇడువు. బ్రేకు గట్టిగ తొక్కకు, మొన్ననే బిగిచ్చిన" అన్నాడు.

అమ్మ చప్పున తల తిప్పింది. "నువ్వా?"

"మరి గిన్ని రోజులు ఆయిలెవలు పోస్తున్రనుకున్నవ్? పొద్దుగాల మీరు లేవకముందు నేనే సూస్తున్న. స్తంభం గుద్దినంక ఇగ నాకు పానం ఆగలే. నీకేమన్న అయితదేమోనని జల్దిగ అమ్ముతనంటి."

"గా మాట నోరిడిసి చెప్పొద్దా?"

"ఇటుకలు పెట్టి మరీ దాస్తుంటివి. ఎట్ల చెప్పాలె?"

అమ్మకు నవ్వొచ్చిందో కోపమొచ్చిందో నాకు కనబడలేదు. ట్రాక్టర్ కదిలి లోపలికి వెళ్లింది.

ఆ రోజు సాయంత్రం దాకా ఆ గేటుకు నేనే వాచ్‌మన్‌ని. ఇద్దరు కొరియర్ వాళ్ల పేర్లు, ఒక కారు నంబరు రాశాను. మిగతా సమయమంతా లోపలికి చూస్తూ నిలబడ్డాను. అమ్మ ట్యాంకు కుళాయికి పైపు తగిలించి నీళ్లు వదిలింది. నాయిన బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పైపు పట్టుకుని పచ్చిక మీదికి దిగాడు. నీళ్లు ఒకవైపు పోస్తూ ఆగి, సుబ్రహ్మణ్యంగారికి ఏదో చూపించాడు. ఆయన గొంతు పెద్దదై నా దాకా వినబడింది.

"ఈ మూలకు నీళ్లు నిలవయ్ సార్, కింద మొరం, అంత గులకరాల్లే. రోజిడిసి రోజు పెట్టాలె. గా బండ పక్కకైతె నల్లమట్టి. ఒక్కపారి పోస్తె రెండొద్దులు తడి ఉంటది."

"నీకెలా తెలుసు కొమురయ్యా?"

"జొన్నేసెటోణ్ణి సార్ ఈడ."

సుబ్రహ్మణ్యంగారు ఆ గడ్డినీ, నాయిన బురద కాళ్లనూ చూశారు. తర్వాత, "అయితే నువ్వే చెప్పు, ఎక్కడి నుంచి మొదలుపెడదాం" అన్నారు.

నాయిన చెప్పడం మొదలుపెట్టాడు. ఏ పక్క వాలు ఉందో, వాన వస్తే నీళ్లు ఎటు పోతాయో, ఎక్కడ చెట్టు పెడితే బతుకుతుందో చేతులు ఊపుతూ చెప్పాడు. అమ్మ ట్రాక్టర్ మీద కూర్చుని, ఆయన చెయ్యి చూపించిన చోటికల్లా బండిని కొద్దికొద్దిగా జరిపింది. రెండో ట్రిప్పు అయ్యేసరికి సాయంత్రమైంది.

ఆ రాత్రి నాయిన కూర మళ్లీ వేయించుకున్నాడు. అమ్మ వేసి, చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి, మూటగట్టిన గిన్నెలు విప్పి మళ్లీ అరల్లో సర్దింది.

ఆదివారం శంకర్‌పల్లి ఆయన వచ్చాడు. నాయిన ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తాగించాడు.

"ఏమనుకోకు అన్నా. బండి ఖాళీ లేదు" అన్నాడు.

"ఖాళీ లేదా? చేనే లేదంటివి గద?"

"చేను లేదు. పని మాత్రం మస్తున్నది."

సోమవారం అమ్మను వెంటబెట్టుకుని నాయిన ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు తీయించాడు. దాంతో నెల రోజులు రోజూ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఆమెకు బండి నేర్పాడు. ముఖ్యంగా వెనక్కి నడపడం. ఇద్దరూ బండి మీద గట్టిగా పోట్లాడుకునేవారు. "ఎడమకంటె ఎడమకు తిప్పాలె" అని ఆయన, "నేను తిప్పింది ఎడమకే" అని ఆమె. ఆ కేకలు వింటూ నేను అరుగు మీద కూర్చుని డిగ్రీ ఫారం నింపాను. మల్లేశం మామకు అమ్మే ఫోన్ చేసి, "మేం వస్తలేం తమ్మీ, నువ్వే పండుగకు రా" అని చెప్పింది. ఫోన్ పెట్టేసి పొడుగ్గా ఊపిరి వదిలింది, బరువేదో దించినట్టు.

సుబ్రహ్మణ్యంగారు నాయినను గేటు దగ్గరి నుంచి తీసి, మొక్కల పని మొత్తం ఆయనకు అప్పగించారు. ఆ టోపీని నాయిన అక్కడే ఇచ్చేసి వచ్చాడు.

జులై చివర అమ్మకు పరీక్ష. ఆర్టీఏ మైదానంలో తెల్లసున్నంతో ఎనిమిది అంకె గీసి ఉంది. స్కూటర్ల వాళ్లు, కార్ల వాళ్లు వరసలో నిలబడి ఉంటే, మా అమ్మ చేనేత చీర కట్టుకుని, కొంగు బిగించి, ట్రాలీతో సహా ట్రాక్టర్ తీసుకుని వచ్చింది. వరసంతా పక్కకి జరిగింది. నాయిన కిందే నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె ఎడమకు తిప్పినప్పుడల్లా తనూ కొంచెం ఎడమకు వంగుతున్నాడు. గీత తొక్కకుండా ఎనిమిది పూర్తయింది. తర్వాత వెనక్కి నడపమన్నారు. నడిపింది. ట్రాలీ ఒక్క అంగుళం కూడా పక్కకి పోలేదు.

ఇన్‌స్పెక్టర్ నీడలో బల్ల ముందు కూర్చుని కాగితాలు తిప్పాడు.

"ట్రాక్టర్ దేనికి వాడతారమ్మా? వ్యవసాయానికా, కిరాయికా?"

అమ్మ ఆలోచించింది. నాయినవైపు చూసింది.

"ఇంటి పనికి సార్" అంది.

"ఇంటి పనికా?" ఆయన పెన్ను ఆపాడు. "ట్రాక్టర్‌తో ఇంటి పనేంటమ్మా?"

అమ్మ కొంగుతో చెమట తుడుచుకుని, వడియాల దగ్గర మొదలుపెట్టింది. బీరువా దాకా వచ్చేసరికి పక్క బల్ల గుమాస్తా కూడా కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. చీరలు గాలిలో ఎగిరిన చోట ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకోలేక, సగంలోనే ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ నడిపింది. నాయిన ఒక మడ్‌గార్డు మీద, నేను ఇంకో మడ్‌గార్డు మీద. చందానగర్ దాటాక వాన పట్టుకుంది, మొదట చినుకులుగా, తర్వాత ధారగా. లైసెన్సు కాగితాన్ని నాయిన ప్లాస్టిక్ కవరులో తన కాగితం పక్కన పెట్టి జేబులో దాచాడు. ముగ్గురం నిలువునా తడిసిపోయాం. బండి ఆపమని ఎవరమూ అనలేదు.